గడువు లెక్క రాసేవారు: ప్రాజెక్టు కార్యాలయ ఉద్యోగం, దాని చరిత్ర



‘ప్రాజెక్టు’ అనగానే మన పల్లెల్లో ముందుగా స్ఫురించేది ఆనకట్ట. ‘ప్రాజెక్టు నిండింది’, ‘ప్రాజెక్టు గేట్లు ఎత్తారు’ అంటాం. హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ‘నన్ను కొత్త ప్రాజెక్టులో వేశారు’ అన్నప్పుడు అందులో నీరూ ఉండదు, రాయీ ఉండదు. అయినా రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండూ ఒకసారి మొదలై ఒకసారి ముగియవలసిన పనులే. రెండింటికీ ఒక గడువు, ఒక అంచనా వ్యయం ఉంటాయి. పని ఆ గడువులో, ఆ వ్యయంలో సాగుతున్నదా లేదా అని ఎప్పటికప్పుడు లెక్కగట్టి పైవారికి చెప్పేది ప్రాజెక్టు నిర్వహణ కార్యాలయం. ఆంగ్లంలో దీనిని పీఎంవో అంటారు. మన దేశంలో ఆ మూడక్షరాలు ప్రధానమంత్రి కార్యాలయానికి రూఢి అయ్యాయి కనుక ఇక్కడ ‘ప్రాజెక్టు కార్యాలయం’ అనే మాటనే వాడుకుందాం.

ఈ కార్యాలయంలో చేరిన యువతీయువకులకు తొలి ఏడాదిలోనే ఒక సందేహం కలుగుతుంది. ‘మేము కాంక్రీటు పోయం, ప్రోగ్రాము రాయం, చెక్కు మీద సంతకం పెట్టం. మరి మా అవసరం ఏమిటి?’ ఈ ప్రశ్నకు ఉద్యోగ ప్రకటనల్లో జవాబు దొరకదు. వృత్తి చరిత్రలో దొరుకుతుంది. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలిద్దాం.

మస్టరు, ఎం.బుక్కు

సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన గోదావరి ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యనున్న లంకలను కలుపుకుంటూ సాగిన నిర్మాణమది. వరద తగ్గిన నెలల్లోనే నదిలో పని చేయాలి. ఆలోగా రాయి, సున్నం, కలప, మనుషులు సమయానికి చేరాలి. కూలీలను సమీకరించి పనికి పెట్టిన సహాయకుడిగా వీణెం వీరన్న పేరును గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రాజెక్టు కార్యాలయం అనే పేరు అప్పటికి పుట్టలేదు గాని, ఆ పని మాత్రం ఉంది.

ప్రజాపనుల శాఖలో ఈ లెక్కకు రెండు పుస్తకాలు ఆధారం. మస్టరులో ఏ రోజు ఎవరు పనికి వచ్చారో రాస్తారు. ఎం.బుక్కులో జరిగిన పనిని కొలిచి, పొడవు, వెడల్పు, లోతు నమోదు చేస్తారు. ఎం.బుక్కుకు ఎక్కని పనికి బిల్లు లేదు. ‘దొంగ మస్టరు’ అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. రాసిన లెక్కకూ జరిగిన పనికీ మధ్య తేడా రావచ్చునని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. ఈ వ్యాసమంతటా మనం గుర్తుంచుకోవలసిన విషయం కూడా ఇదే.

గీతలు, వలలు

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ పనులను అడ్డగీతలుగా చూపే పటాలను ప్రచారంలోకి తెచ్చాడు. ఎడమవైపు పని పేరు, పైన తేదీలు, మధ్యలో పని సాగే కాలమంతా ఒక గీత. చదువు అంతగా లేని మేస్త్రీ కూడా చూసి అర్థం చేసుకోగల పటమిది. అందుకే ఈనాటికీ వాడుకలో ఉంది.

అయితే ఒక పని ఆగితే ఏయే పనులు ఆగుతాయో గీతల పటం సూటిగా చెప్పదు. ఇల్లు కట్టేవారికి ఇది అనుభవమే. కరెంటు పైపులు శ్లాబు పోయకముందే పరవాలి. ఎలక్ట్రీషియన్ రాకపోతే శ్లాబు ఆగుతుంది. తోటలో మొక్కలు నాటే మనిషి రాకపోతే ఏమీ ఆగదు. ఆలస్యానికి తావులేని పనుల వరుసను కనిపెట్టే పద్ధతిని 1957లో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ రూపొందించారు. అదే క్రిటికల్ పాత్ పద్ధతి. మరుసటి సంవత్సరం అమెరికా నౌకాదళం ‘పెర్ట్’ అనే పద్ధతిని తెచ్చింది. ఇందులో ఒక్కొక్క పనికి మూడు అంచనాలు అడుగుతారు. అన్నీ కలిసివస్తే 10 రోజులు, మామూలుగా 13, అన్నీ ఎదురుతిరిగితే 22 అనుకోండి. మామూలు అంచనాను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 14 రోజులు వస్తుంది. పని చేసేవాడి చేత చెడు అంచనాను కూడా పైకి చెప్పించడంలోనే ఈ లెక్క గొప్పతనం ఉంది.

పెర్ట్ పుట్టింది పొలారిస్ క్షిపణి కోసం. ఆ పనికి నౌకాదళం 1955లో ప్రత్యేక ప్రాజెక్టుల కార్యాలయాన్ని నెలకొల్పింది. 1960 జూలై 20న సముద్ర గర్భంలోని జలాంతర్గామి నుంచి తొలి పొలారిస్ క్షిపణులను విజయవంతంగా ప్రయోగించారు. ఆ కీర్తి పెర్ట్‌కు కూడా దక్కి, అది ప్రపంచమంతటా వ్యాపించింది. కాని హార్వీ సపోల్స్కీ అనే పండితుడు 1972లో ప్రచురించిన గ్రంథంలో వేరొక మాట చెప్పాడు. ఆ పటాలు పనిని నడిపించడం కన్నా, కార్యాలయం సమర్థమైనదన్న నమ్మకాన్ని బయటివారికి కలిగించడానికే ఎక్కువగా పనికివచ్చాయని ఆయన నిర్ధారణ. అంటే, గోడ మీది పటం నిజాన్ని చూపే అద్దమూ కావచ్చు, కప్పిపుచ్చే తెరా కావచ్చు. ఈ రెండింటిలో ఏది అవుతుందన్నది ఆ పటం రాసేవారి మీద ఆధారపడి ఉంటుంది.

శ్రీహరికోటలో ఒక ఉదయం

మన దేశానికి వద్దాం. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం జరిగింది. ప్రాజెక్టు డైరెక్టరు ఏ.పి.జె. అబ్దుల్ కలాం. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటరు లోపం ఉందంటూ ప్రయోగాన్ని నిలిపివేసింది. పరవాలేదని నిపుణులు భరోసా ఇవ్వడంతో తానే ముందుకు వెళ్లమన్నానని కలాం తరువాతి కాలంలో ఎన్నో ఉపన్యాసాలలో చెప్పారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ విలేకరుల ముందుకు వచ్చి వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం మాట్లాడమని కలాంను ముందుకు పంపారు.

ఈ సంఘటనను నాయకత్వ పాఠంగా తరచు చెబుతారు. ప్రాజెక్టు కార్యాలయంలో పనిచేయదలచిన మీరు దీనిని మరో కోణం నుంచి కూడా చూడండి. హెచ్చరిక వచ్చింది. దానిని పక్కన పెట్టినవారు అసమర్థులు కారు, దేశంలోని మేటి నిపుణులు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన తేదీ ముందు నిలిచినప్పుడు ఎర్రగుర్తు చిన్నదిగా కనిపిస్తుంది. దాని అసలు పరిమాణాన్ని గుర్తుచేయవలసిన మనిషి ఒకరు ఉండాలి. విఫలమైన వారికి రక్షణ ఉన్న చోటనే అటువంటి మనిషి నోరు విప్పగలడు. ధావన్ చేసింది అదే.

వెనక్కి నడిచే గడియారం

ఇ. శ్రీధరన్ కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి. 1964 డిసెంబరు తుపానులో కొట్టుకుపోయిన పంబన్ రైలు వంతెనను 46 రోజుల్లో పునరుద్ధరించిన అధికారిగా ఆయన పేరు తొలిసారి దేశానికి తెలిసింది. 1990లో కొంకణ్ రైల్వే సంస్థ ఏర్పడినప్పుడు దాని సారథ్యం ఆయనకు అప్పగించారు. దాదాపు 740 కిలోమీటర్ల మార్గం, తొంభైకి పైగా సొరంగాలు, సుమారు రెండు వేల వంతెనలు. అయిదేళ్లలో పూర్తిచేయాలని సంకల్పించారు. 1998 జనవరికి గాని మార్గమంతా తెరుచుకోలేదు. గోవాలోని పెర్నెం సొరంగంలో రాయికి బదులు మెత్తటి బంకమట్టి తగిలి, తవ్విన చోటల్లా కూలుతూ వచ్చింది. అక్కడ ప్రాణనష్టం కూడా జరిగింది. భూమి లోపల ఏముందో పటానికి తెలియదు.

తరువాత ఢిల్లీ మెట్రో. 1998 అక్టోబరు 1న పని మొదలై, 2002 డిసెంబరులో షాదరా–తీస్ హజారీ మార్గం ప్రారంభమైంది. మెట్రో కార్యాలయాల్లో, పనిచోట్ల గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపే గడియారాలు పెట్టించారు. గుత్తేదారు, ఇంజనీరు, గుమాస్తా అందరూ చూసేది ఒకే అంకె. గడువు లెక్క ఒక గదిలోని రహస్యంగా కాక అందరి సొత్తుగా మారింది.

ఈ కథకు రెండో పార్శ్వం ఉంది. 2009 జూలై 12న దక్షిణ ఢిల్లీలోని జమ్రూద్‌పుర్ వద్ద నిర్మాణంలో ఉన్న వంతెన కూలి ఆరుగురు మరణించారు. నైతిక బాధ్యత వహిస్తూ శ్రీధరన్ రాజీనామా చేశారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ అంగీకరించకపోవడంతో ఆయన కొనసాగారు. గడువు కోసం పేరుపొందిన సంస్థకు కూడా తేదీల వరుస ఒక్కటే చాలదని ఆ రోజు తేలింది. గడువు, ఖర్చు, నాణ్యత, మనిషి ప్రాణం, ఈ నాలుగు వరుసలూ ఒకే పుటలో ఉండాలి.

అసలు గడువు, సవరించిన గడువు

కేంద్ర ప్రభుత్వం 1985లో కార్యక్రమాల అమలు మంత్రిత్వ శాఖను ఏర్పాటు చేసింది. 1999లో దానిని గణాంక శాఖతో కలిపారు. 150 కోట్ల రూపాయలు, అంతకుమించిన కేంద్ర ప్రాజెక్టుల పురోగతిని ఈ శాఖ నమోదు చేస్తూ నివేదికలు వెలువరిస్తోంది. 2013లో ప్రాజెక్టు పర్యవేక్షణ బృందం, 2015 మార్చిలో ప్రధానమంత్రి స్వయంగా సమీక్షించే ‘ప్రగతి’ వేదిక వచ్చాయి.

ఈ శాఖ నివేదికలలో తరచు కనిపించే ఒక వాక్యం మీకు పాఠం వంటిది. తాజాగా సవరించిన గడువును బట్టి లెక్కిస్తే ఆలస్యమైన ప్రాజెక్టుల సంఖ్య తగ్గుతుందని అందులో రాస్తారు. ఆశ్చర్యమేమీ లేదు. గడువును జరుపుకుంటూ పోతే ఏ పనీ ఆలస్యం కాదు. కాగితం మీద అంతా సకాలంలోనే ఉంటుంది. పొలం ఎండిన రైతుకు, వంతెన లేక పడవ ఎక్కే విద్యార్థికి మాత్రం మొదట చెప్పిన తేదీయే గుర్తుంటుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగితే, కాలువలకు నీరు వదిలింది 1967 ఆగస్టులో. ఆ పన్నెండేళ్లు నీటి కోసం ఎదురుచూసిన వారికి గడువు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అందుకే మంచి ప్రాజెక్టు కార్యాలయం మొదటి గడువును ఎన్నడూ చెరిపివేయదు. సవరించినప్పుడల్లా పాత తేదీ పక్కన కొత్త తేదీని, దానికి కారణాన్ని రాస్తుంది.

సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ఇదే సమస్య వేరే వేషంలో ఉంది. 1990లలో విదేశీ ఖాతాదారుల పనులు మన నగరాలకు రావడంతో, దూరాన ఉన్నవారికి వారం వారం నివేదిక పంపడం తప్పనిసరి అయింది. బాగుంటే ఆకుపచ్చ, అనుమానముంటే పసుపు, ప్రమాదముంటే ఎరుపు. పైకి ఆకుపచ్చగా ఉండి కోస్తే ఎర్రగా కనిపించే నివేదికను ఈ రంగంలోనివారు పుచ్చకాయతో పోలుస్తారు.

ఈ ఉద్యోగంలో ఎదగడం ఎలా?

మొదటి మెట్టు సమన్వయం. సమావేశంలో ఎవరు ఏమి ఒప్పుకున్నారో రాయడం, తేదీలు గుర్తుచేయడం. చిన్నపనిగా తోచినా, సంస్థలో ఏ పని ఎక్కడ ఆగుతుందో తెలిసేది ఇక్కడే. రెండో మెట్టు ప్రణాళిక. ప్రైమవేరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వంటి సాధనాలు నేర్చుకోవాలి. పటం గీయడం ఇప్పుడు యంత్రమే చేస్తుంది. పటంలోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం మీ వంతు. అందుకు పనిచోటుకు వెళ్లాలి, మేస్త్రీతోనో ప్రోగ్రామర్‌తోనో మాట్లాడాలి.

మూడో మెట్టు వ్యయ నియంత్రణ. ఒక ఉదాహరణ చూడండి. 10 నెలల పనికి 100 లక్షల బడ్జెట్టు. అయిదో నెలకు 50 లక్షలు ఖర్చయింది. అంతా సక్రమమేననిపిస్తుంది. కొలిచి చూస్తే జరిగిన పని విలువ 40 లక్షలే. అంటే పెట్టిన ప్రతి రూపాయికి 80 పైసల పనే జరిగింది. ఇదే తీరు కొనసాగితే మొత్తం ఖర్చు 125 లక్షలకు చేరుతుంది. అమెరికా రక్షణ శాఖ 1967లో తన గుత్తేదారులకు తప్పనిసరి చేసిన ఈ లెక్కకు మూలసూత్రం మన ఎం.బుక్కుదే: ఖర్చును చూసి సరిపెట్టుకోవద్దు, పనిని కొలువు.

ఆపై మెట్లలో ముందే ఊహించదగిన చిక్కుల పట్టిక నిర్వహించడం, అనేక ప్రాజెక్టులలో ఏది ముందో ఏది వెనకో పై అధికారులకు సూచించడం వస్తాయి. 1969లో అమెరికాలో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి పీఎంపీ ధ్రువపత్రం ఇస్తోంది. దానికి పని అనుభవం కావాలి. కొత్తవారికి వేరే ప్రాథమిక పరీక్ష ఉంది. నిర్మాణ రంగం వైపు మొగ్గు ఉన్నవారికి 1983లో నెలకొల్పిన నిక్‌మార్ ఉంది. హైదరాబాదులోనూ దానికి ప్రాంగణముంది. ధ్రువపత్రం తలుపు తెరుస్తుంది. లోపల నిలబెట్టేది మీ మాట మీద ఇతరులకున్న నమ్మకం.

ఆ నమ్మకం ఒక సందర్భంలో పరీక్షకు నిలుస్తుంది. పై అధికారి ‘ఈ వారానికి ఆకుపచ్చ పెట్టెయ్, వచ్చే వారానికి సర్దుకుందాం’ అంటారు. ఎదిరించి గొడవపడనక్కరలేదు. ‘ఎరుపే పెడతానండీ, పక్కన మనం తీసుకుంటున్న చర్యలు రాస్తాను’ అనవచ్చు. ఈ ఒక్క వాక్యం మర్యాదగా, స్థిరంగా అనగలగడానికి ఏళ్లు పడుతుంది. అది అలవడినవారి నివేదికనే పైవారు చివరకు వెతుక్కుని చదువుతారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. ప్రాజెక్టు కార్యాలయానికి చేతిలో పలుగూ పారా లేవు, సంతకం చేసే అధికారమూ లేదు. దాని చేతిలో ఉన్నది లెక్క ఒక్కటే. ఆ లెక్క నిజమైతే నిర్ణయాలు సకాలంలో జరుగుతాయి. అబద్ధమైతే దాని మూల్యం ఎక్కడో దూరాన, మీ పేరు కూడా తెలియనివారు చెల్లిస్తారు.

ఆలోచించండి

1. మీ ఊరిలోనో, జిల్లాలోనో పూర్తయిన ఒక ప్రాజెక్టును తీసుకోండి. మొదటి గడువు ఏది? సవరించిన గడువులు ఎన్ని? ప్రతి సవరణకు చెప్పిన కారణాలేమిటి?

2. మీ ఇంటి నిర్మాణంలోనో, ఇంట్లో జరిగిన శుభకార్యంలోనో ఆలస్యానికి తావులేని పనుల వరుసను గుర్తించి రాయండి.

3. పొలారిస్ పటాలకూ ఢిల్లీ మెట్రో గడియారాలకూ ఉన్న భేదాన్ని మీ మాటల్లో వివరించండి.