ఆశుత్వం వెనుక ధారణ: యాన్సెల్ ఆడమ్స్ ‘మూన్‌రైజ్’ చిత్ర పరిశీలన

ఛాయాచిత్ర కళాచరిత్రలో ఛాయాగ్రాహకులను రెండు వర్గాలుగా విభజించడం పరిపాటి. ముందుగా యోచించి చిత్రాన్ని నిర్మించేవారు ఒక వర్గం. ఎదురైన క్షణాన్ని ఒడిసిపట్టేవారు మరొక వర్గం. మొదటి వర్గానికి అమెరికాకు చెందిన యాన్సెల్ ఆడమ్స్ (1902–1984)ను, రెండవ వర్గానికి ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ కార్తియే-బ్రెసాఁ (1908–2004)ను ప్రతినిధులుగా పేర్కొంటారు. వీరి సుప్రసిద్ధ చిత్రాలు రూపొందిన తీరును పరిశీలిస్తే ఈ విభజన నిలవదు.

మీట నొక్కకముందే తుది ప్రింటును మనస్సులో దర్శించాలన్నది ఆడమ్స్ సిద్ధాంతం. దృశ్యంలోని వెలుగునీడల స్థాయిలను కొలిచి, ప్రింటులో ఏది ఎంత నలుపుగా, ఎంత తెలుపుగా ఉండాలో ముందే నిర్ణయించే ‘జోన్ సిస్టమ్’ను ఆయన ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించారు. ఇంతటి ప్రణాళికాబద్ధుడికి అత్యంత కీర్తి తెచ్చిన చిత్రం మాత్రం హడావుడిలో పుట్టింది.

1941 శరత్కాలంలో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీదుగా కారులో వెళ్తుండగా ఆడమ్స్‌కు తూర్పున ఉదయిస్తున్న చంద్రుడు, అస్తమిస్తున్న సూర్యుని కాంతిలో మెరుస్తున్న శ్మశానంలోని శిలువలు కనిపించాయి. బరువైన కెమెరాను ఆదరాబాదరాగా నిలబెట్టారు. కాంతిని కొలిచే మీటరు చేతికి అందలేదు. చంద్రబింబపు ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు జ్ఞాపకముంది. ఆ ఒక్క సంఖ్య ఆధారంగా ఎక్స్‌పోజరును మనస్సులోనే గణించి మీట నొక్కారు. రెండవ నెగటివ్‌కు సిద్ధమయ్యేలోగా శిలువలపై వెలుగు తొలగిపోయింది.

ఈ చిత్రానికి ఆడమ్స్ వేర్వేరు సందర్భాలలో వేర్వేరు సంవత్సరాలను పేర్కొన్నారు. చివరకు చంద్రుని స్థానాన్ని గణించి 1941 నవంబరు 1 సాయంకాలమని 1991లో డెనిస్ డి సికో నిర్ధారించారు. సృష్టికర్త తేదీని మరచినా, కాంతి విలువను మరవకపోవడం ఇక్కడ గమనార్హం. క్షణంతో చిత్రం ముగియనూ లేదు. 1948లో నెగటివ్ దిగువ భాగాన్ని రసాయనికంగా గాఢపరిచారు. తొలి ప్రింట్లలో మబ్బుజాడలున్న ఆకాశం తరువాతి దశాబ్దాల ప్రింట్లలో దాదాపు కారునలుపుగా మారింది.

కార్తియే-బ్రెసాఁ విషయంలో ఇదే సత్యం మరొక వైపు నుండి కనిపిస్తుంది. 1932లో పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషను వెనుక, కంచె పలకల సందులోంచి కటకాన్ని చొప్పించి, నీటి మడుగు దాటుతున్న మనిషిని ఆయన చిత్రించారు. చిత్రాలను కత్తిరించడానికి సాధారణంగా అంగీకరించని ఆయన, పలక అడ్డువచ్చినందున ఈ చిత్రాన్ని కత్తిరించక తప్పలేదు. అంతకుముందే ఆండ్రే లోట్ వద్ద చిత్రలేఖనం అభ్యసించి రేఖాగణిత సమతను కంటికి అలవరచుకున్నారు.

తెలుగు సాహిత్యంలోని అవధాన ప్రక్రియ ఈ సంబంధాన్ని స్పష్టం చేస్తుంది. పృచ్ఛకుడు ఇచ్చే సమస్య అవధానికి ముందుగా తెలియదు. కాని ఛందస్సు, పదసంపద, ధారణ ముందే సిద్ధమై ఉంటాయి. ఆశువు అయ్యేది సందర్భమే గాని సామర్థ్యం కాదు. హెర్నాండెజ్ దారిలో ఆడమ్స్‌ను ఆదుకున్నదీ అటువంటి ధారణే. కనుక ప్రణాళికను, ఆశుత్వాన్ని పరస్పర విరుద్ధ పద్ధతులుగా గాక, ఒకే సృజనలోని పూర్వోత్తర దశలుగా గుర్తించడం చారిత్రకంగా సమంజసం. ఆ గుర్తింపు లేనిచోట దీర్ఘకాల సాధన అదృష్టంగా లెక్కకు వస్తుంది.