మామ్మ లెక్క

"పిల్లలెంతమందండీ మీకు?" అని ఎవరడిగినా మా మామ్మ "ముగ్గురు" అనేది. మాకు తెలిసినవాళ్ళు ఇద్దరే - మా నాన్న, మా అత్తయ్య. వయసు మీదపడి లెక్క తప్పుతోంది కాబోలని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

మామ్మ 1918లో కాకినాడ దగ్గర ఒక పల్లెలో పుట్టింది. 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమలుకొస్తుందనగా, ఆలోపే కానిచ్చేద్దామని హడావుడిగా చేసిన పెళ్ళిళ్ళలో ఆమెదీ ఒకటి. తాతయ్య రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తా. మన కోస్తావాళ్ళకు అది 'రంగం'. "రంగం వెళ్ళాడు" అంటే నాలుగు రాళ్ళు సంపాదించుకోవడానికి వెళ్ళాడని అర్థం. ఇవాళ మనం అమెరికా అంటున్నట్టే అనుకోండి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మన దేశం వాళ్ళే! రేవు కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే మనవాళ్ళను అక్కడ 'కోరంగీలు' అనేవారు.

1933లో మామ్మ కాపురానికి బయల్దేరింది. కాకినాడలో ఓడ ఒడ్డుదాకా రాదు, పడవలో వెళ్ళి ఎక్కాలి. "ప్రాణం పోతుందన్న భయం లేదే అమ్మాయ్, పట్టుచీర తడుస్తుందనే నా బెంగంతా" అని నవ్వేది. అక్కడి ఆడవాళ్ళను చూసి, తనకా అనే చెట్టు కర్రను సాన మీద అరగదీసి బుగ్గలకు పూసుకోవడం నేర్చుకుంది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. ఓడల్లో చోటు దొరికింది కొందరికే. మిగిలినవాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచారు. కొందరు అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు తమూ మీదుగా మణిపూర్ వైపు. అలా ఇల్లు విడిచినవాళ్ళు నాలుగైదు లక్షలంటారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో ఎన్ని వేలమంది రాలిపోయారో సరైన లెక్క ఏ సర్కారు దగ్గరా లేదు. మామ్మా తాతయ్యా తమూ దారిన ఇంఫాల్ చేరారు.

యుద్ధం ముగిశాక, 1946లో, చంకలో మా నాన్నతో మళ్ళీ రంగమే వెళ్ళారు. అత్తయ్య అక్కడే పుట్టింది. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు. ఆ మే నెలలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. మనవాళ్ళు ఓడలెక్కి మద్రాసులో, విశాఖలో దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆనాటిదే. నగలు తెచ్చుకోవడానికీ ఆంక్షలే. మామ్మ మాత్రం ఆ సాన తెచ్చుకుంది.

నాన్నకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక అమీర్‌పేటలో, బల్కంపేట ఎల్లమ్మ గుడికెళ్ళే దారిలో ఇల్లు తీసుకున్నాం. తనకా కర్ర అరిగిపోయాక మామ్మ అదే సాన మీద గంధం తీసి బుగ్గలకు రాసుకునేది. "మీ మామ్మ ముఖం నిండా అదేమిటే?" అని స్నేహితురాళ్ళు అడుగుతారని వాళ్ళను వాకిట్లోనే ఆపేసేదాన్ని. చెప్పొద్దూ, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

2011లో పంజగుట్ట ఆస్పత్రిలో చేర్చాం. కాగితం నింపుతూ నర్సమ్మ అడిగింది, "పిల్లలెంతమంది మామ్మగారూ?" "ముగ్గురు." "ఇద్దరేనండీ" అని నేను దిద్దాను. మామ్మ నా వంక చూసి ఊరుకుంది.

ఆ రాత్రి చెప్పింది. తమూ దారిన బయల్దేరినప్పుడు వాళ్ళు ముగ్గురు. రెండేళ్ళ ఆడపిల్ల. ఇంఫాల్ ఇంకా చాలా దూరముండగానే విరేచనాలు పట్టుకున్నాయి. "చేత్తోనే తవ్వామే. మీ తాతయ్య గుర్తుకొక రాయి పెట్టారు. వెనకవాళ్ళు తోసుకొస్తుంటే లేచి నడిచాం." పేరేమిటని అడిగాను. డెబ్భై ఏళ్ళ తర్వాత ఆ పేరు నా చెవిలో చెప్పింది.

సర్కారువారి దగ్గర లేని లెక్క మా మామ్మ ఒక్కతే పెట్టుకుంది. మేం దాన్ని చాదస్తమనుకున్నాం.

2012లో, తొంభై నాలుగో ఏట వెళ్ళిపోయింది. అమీర్‌పేటలో ఇప్పుడు నెత్తి మీదుగా మెట్రో పోతోంది. కింద కంప్యూటర్ కోర్సుల బోర్డుల మధ్య పిల్లలు అమెరికా కబుర్లు చెప్పుకుంటుంటే నాకు రంగం ఓడే గుర్తొస్తుంది. సాన మా ఇంట్లోనే ఉంది. వరలక్ష్మీ వ్రతానికి గంధం దాని మీదే తీస్తాను.

మీ ఇంట్లో పెద్దావిడ లెక్క తప్పుతోందనిపిస్తే తొందరపడి దిద్దకండి. పక్కన కూర్చుని, ఏమిటో అడగండి.