గాలిలో వచ్చిన జబ్బు, ఓడెక్కిన మందు



చలి తగ్గి ఎండ ముదురుతుందంటే మన హాస్టళ్లలో తుమ్ముల సీజన్ మొదలైనట్టే. ముక్కు కారడం, కళ్లు దురద, కొందరికి రాత్రిపూట ఛాతీలో పిల్లికూతలు. సరిగ్గా అప్పుడే ఫోన్లలో "మన అడవి మందు ఉండగా మాత్రలెందుకు" అనే మెసేజ్‌లు కూడా తిరుగుతాయి. వాటిలో కొన్ని నిజం, కొన్ని ఉత్తమాట, ఒకటి రెండు ప్రాణం మీదికి తెచ్చేవి. ఈ పోస్టులో మేము రాస్తున్నది వైద్యం కన్నా చరిత్ర. ఈ జబ్బు మన మధ్యకు ఎట్లా వచ్చింది, దాని మందు మన నేల నుంచి ఎటు పోయింది అన్నది. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

పుప్పొడి వల్ల మనిషికి జబ్బు చేస్తుందని లోకానికి తెలిసి రెండు వందల ఏళ్లు కూడా కాలేదు. 1819లో జాన్ బోస్టాక్ అనే లండన్ డాక్టరు, ఎండాకాలం వస్తే చాలు తనకు కళ్లు మండి, ముక్కు కారి, ఊపిరి బరువవుతోందని రాశాడు. వేడి వల్లే అనుకున్నాడు. అసలు గుట్టు బయటపెట్టింది మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్లీ, 1873లో. ఆయనకూ ఇదే బాధ. గడ్డి పుప్పొడిని తన ముక్కులోనే వేసుకుని చూశాడు. జిగురు పూసిన గాజు పలకల్ని గాలిపటాలకు కట్టి ఎగరేసి, పైగాలిలో ఎంత పుప్పొడి ఉందో లెక్కపెట్టాడు. ఆయన గమనించిన ఇంకో సంగతి మనకు ముఖ్యం. రోజంతా గడ్డిలోనే ఉండే రైతుల్లో ఈ జబ్బు అరుదు, చదువుకున్న పట్నపోళ్లలో ఎక్కువ. ఈ మధ్య యూరప్‌లో ఆల్ప్స్ కొండల పల్లెల్లో చేసిన పరిశోధనల్లో కూడా పశువుల కొట్టం పక్కన పెరిగిన పిల్లలకు ఎలర్జీలు తక్కువని తేలింది. అందుకే "మా కాలంలో ఈ తుమ్ములు లేవురా" అని తాతలు అంటే నవ్వి కొట్టిపారేయకండి.

మరి ఏ చెట్టు పుప్పొడి? మనం వెంటనే ఎర్రగా పూసిన మోదుగ మీద పడతాం, కంటికి కనిపిస్తుంది గదా. పాపం దాని తప్పు లేదు. రంగూ తేనే ఉన్న పువ్వు పిట్టల్ని, తేనెటీగల్ని పిలుచుకుంటుంది. దాని పుప్పొడి బరువు, జిగురు. గాలిలో దూరం పోదు. మనల్ని ఏడిపించేవి ఎక్కువగా ఎవరూ పువ్వని కూడా అనుకోనివి. గడ్డి కంకులు, పిచ్చిమొక్కలు, తుమ్మల్లాంటివి.

అందులో సర్కారు తుమ్మ సంగతి వేరే. ఆ పేరు ఊరికే రాలేదు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్, ఎండిన నేలల్లో వంటచెరకు కోసం ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలు 1877లో కడప జిల్లా కమలాపురంలో పడ్డాయి. అంటే దేశంలో దాని మొదటి అడుగు తెలుగు నేల మీదే. కాయలు తిన్న మేకలు, పశువులు పేడతో పాటు విత్తనాన్ని ఊరూరా చల్లాయి. వంటచెరకు దొరికింది, అది నిజం, చాలా పేద ఇళ్ల పొయ్యి దానితోనే వెలిగింది. కానీ ఈ రోజు మన దేశంలో ఎలర్జీ తెచ్చే ముఖ్యమైన పుప్పొళ్లలో దానిది ఒకటి. ఇక వయ్యారిభామ. 1955లో పూణే దగ్గర దీన్ని గుర్తించారు. అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. దాని పుప్పొడి ముక్కును, దాని ఆకు చర్మాన్ని పట్టుకుంటాయి. పనుల్లో దీన్ని ఉత్త చేతులతో పీకే మన అమ్మలకు చేతులు పొక్కి పగిలేది అందుకే. పీకితే పూత రాకముందే, చేతులకు గుడ్డ చుట్టుకుని పీకాలి. అడవిని వెనక్కి నెట్టి, ఖాళీ అయిన చోటును ఈ రెండింటికి ఇచ్చిన చరిత్ర కూడా ఈ తుమ్ముల్లో ఉందని మేమంటాం.

ఇది వచ్చిన దారి. పోయిన దారి ఇంకా పాతది.

1802. మద్రాసులో కంపెనీ పెద్ద డాక్టరు జేమ్స్ ఆండర్సన్. ఉబ్బసానికి ఉమ్మెత్త వేరును ఎండబెట్టి, పొగాకులా గొట్టంలో వేసి పీల్చమని చెప్పేవాడు. జనరల్ జెంట్ అనే సైనికాధికారి దాన్ని బ్రిటన్‌కు తీసుకుపోయాడు. అక్కడి డాక్టర్లు పట్టుకున్నారు, తమ దగ్గర దొరికే ఉమ్మెత్త జాతితోనే మొదలుపెట్టారు. తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా యూరప్, అమెరికా మందుల షాపుల్లో ఉబ్బసం సిగరెట్లు అమ్మారు. ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్ట్ లాంటివాళ్లు కూడా ఆ పొగ పీల్చినవాళ్లే. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్‌ను 1830లలో విడిగా తీశారు. దాన్ని కొంచెం మార్చి 1970లలో ఇప్రాట్రోపియం చేశారు. ఆసుపత్రిలో ఆయాసంతో పోతే మూతికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టిస్తారే, అందులో చాలాసార్లు ఉండేది ఇదే. ఆగకుండా కారే ముక్కుకు స్ప్రేగా కూడా ఇస్తారు.

కాగితాల్లో ఆండర్సన్ పేరుంది, జెంట్ పేరుంది. ఆండర్సన్‌కు ఆ పొగ పట్టడం చూపించిన మనిషి పేరు లేదు. అతను మన మనిషే అని మేము గొప్ప చెప్పుకోం, ఊరి వైద్యుడో కూలివాడో ఎవరైనా కావచ్చు. కానీ పేరు రాసుకునే అలవాటు ఒక వైపే ఉండేదని మాత్రం చెబుతాం. ఇంకో మాట కూడా గట్టిగా చెబుతున్నాం తమ్ముళ్లూ. ఉమ్మెత్త విషం. గింజలు నాలుగు ఎక్కువైతే పిచ్చిచూపులు, గుండెదడ, ప్రాణం కూడా పోవచ్చు. చరిత్ర చదివి ఎవరూ పొగ పట్టకండి.

అడ్డసరం కథ మన ఇళ్లకు ఇంకా దగ్గర. దడి పక్కన ఉండే మొక్క. ఆకు కషాయం దగ్గుకు మన అవ్వలు ఇచ్చారు, ఆయుర్వేద గ్రంథాల్లోనూ ఉంది. 1888లో, మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఊటీలో ప్రభుత్వ కొలువు చేస్తున్న డేవిడ్ హూపర్ ఆ ఆకులోంచి వాసిసిన్ అనే పదార్థం తీశాడు. జర్మనీలోని బోరింగర్ ఇంగెల్‌హైమ్ సంస్థ ఆ బాటలోనే పోయి 1960లలో బ్రోమ్‌హెక్సిన్ తెచ్చింది, దాని వెంట ఆంబ్రాక్సాల్ వచ్చింది. మన పీహెచ్‌సీలో ఇచ్చే దగ్గు సిరప్ సీసా తిప్పి చూడండి, ఈ రెండింట్లో ఒకటి కనిపించే అవకాశం ఎక్కువ. పైన చెప్పిన ఇప్రాట్రోపియం తయారైంది కూడా ఆ సంస్థలోనే.

అయితే అడ్డసరం గళ్లను పలుచన చేసి బయటికి తెస్తుంది, అంతే. తుమ్మును, కళ్ల దురదను ఆపదు. గర్భంతో ఉన్న అక్కలు అసలు తాగకూడదు, అది గర్భసంచిని కదిలిస్తుంది. ఊళ్లో తేనె రోజూ నాకితే పుప్పొడి ఎలర్జీ పోతుందన్నది ఇంకో నమ్మకం. 2002లో అమెరికాలోని కనెక్టికట్‌లో పరీక్షించి చూస్తే, తేనె తీసుకున్నవాళ్లకూ ఉత్త తీపిపాకం తీసుకున్నవాళ్లకూ తేడా రాలేదు. కారణం పైన మోదుగ దగ్గర చెప్పిందే. తేనెటీగ తెచ్చే పుప్పొడి వేరు, మనల్ని తుమ్మించేది వేరు. చెంచు అన్నలు ప్రాణాలకు తెగించి తీసే తేనెకు ఈ అబద్ధం అవసరం లేదు, గొంతు గరగరకు, దగ్గుకు అది మంచిదే. నిజంగా పనికొచ్చేది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ముక్కు కడుక్కోవడం. నీళ్లు కాచకుండా మాత్రం వద్దు. పిల్లికూతలు వస్తే, మాట్లాడుతుంటే ఊపిరి తెగుతుంటే ఏ ఆకూ నూరొద్దు, ఆసుపత్రికి పోవాలి.

ఇప్పుడు హక్కు సంగతి. 1987లో కేరళ అగస్త్య కొండల్లో పరిశోధకులకు దారి చూపిన కాణి ఆదివాసీలు, అలసట రాకుండా ఒక మొక్క కాయలు నములుతున్నారు. ఆరోగ్యపచ్చ. పుష్పాంగదన్ బృందం దాని నుంచి 'జీవని' అనే మందు చేసింది. 1995లో 10 లక్షల రూపాయల ఫీజుకు, 2 శాతం రాయల్టీకి తయారీ హక్కు ఇచ్చి, అందులో సగం కాణి జనానికి అని ఒప్పుకున్నారు. 1997లో కాణి వాళ్ల ట్రస్టు ఏర్పడింది. ఆ ఒప్పందంలో లోపాలున్నాయి, మొదట్లో వాళ్లను అడగనే లేదు. అయినా ఆండర్సన్ కాలానికీ దీనికీ తేడా చూడండి.

చట్టం ఇప్పుడు మన చేతిలో కొంత ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(కె), జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఇస్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊరికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. కానీ 2023 సవరణలో ఒక మెలిక పెట్టారు. పాత గ్రంథాల్లో రాసి ఉన్న జ్ఞానాన్ని వాడుకునే మన దేశపు కంపెనీలు లాభంలో వాటా పంచక్కర్లేదు. అంటే అడ్డసరం, ఉమ్మెత్త మీద మనం ఇక వాళ్లను అడగగలిగేది పెద్దగా ఏమీ లేదు. గ్రంథాలకు ఎక్కనిది, మన అవ్వల నోట్లో మాత్రమే ఉన్నది, దాని మీదే మన మాట చెల్లుతుంది. అది కూడా అవ్వ ఉన్నంతకాలమే.

ఈ ఎండాకాలం సెలవులకు ఊరెళ్లేవాళ్లకు మా మనవి ఇది. దగ్గుకు, ముక్కుకు, ఆయాసానికి మీ ఇంట్లో ఏ ఆకు వాడతారో అడగండి. మన భాషలో దాని పేరు, ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి ఇవ్వకూడదు, ఎవరు చెప్పారు, ఇవి నోటుబుక్కులో రాయండి. మీ పంచాయతీలో రిజిస్టరు ఉందా, ఉంటే అందులో ఏం రాశారో గ్రామసభలో అడిగి చూడండి. మందు చేసే పద్ధతి మాత్రం గ్రూపులో పెట్టకండి, ముందు గ్రామసభ సరే అనాలి.