చంద్రలోకం చూపించిన పెద్దాయన

2023 ఆగస్టు 23 సాయంత్రం, శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే మా ఇంటిల్లిపాదీ టి.వి. ముందు చేరాము. చప్పట్లు కొట్టి, కాఫీలు తాగుతుండగా మా మనవడు “తాతయ్యా, 1902లోనే చంద్రుడి మీదికి వెళ్లొచ్చిన వాళ్లున్నారు, చూస్తావా?” అని ఫోనులో ఒక పాత సినిమా పెట్టాడు. నిడివి సుమారు 14 నిమిషాలు, మాటల్లేవు. ఎనిమిదేళ్ల మనవరాలు మొదలుకొని మా అక్కయ్య దాకా అందరమూ పొట్టలు పట్టుకుని నవ్వాము. తర్వాత తీసినవారెవరో వెతికి చదివాను. చదివితే అది నవ్వు దగ్గర ఆగే కథ కాదని తెలిసింది. మన సభ్యులకు చెప్పదగినదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ సినిమా ఫ్రాన్సు దేశంలో తీసిన ‘చంద్రుడికి ప్రయాణం’. ముందుగా ఖగోళ పండితుల సభ. మంత్రగాళ్లలా పొడుగాటి టోపీలు, అంగీలు. అధ్యక్షుడు ప్రొఫెసర్ బార్బెన్‌ఫూయీ చంద్రుడికి పోదామంటాడు. ఒక పండితుడు అడ్డుచెబితే కాగితాలూ పుస్తకాలూ అతని మొహాన విసురుతాడు. (మన సర్వసభ్య సమావేశాలు చాలా నయం.) చివరికి ఆరుగురు గొడుగులు పట్టుకుని ఒక పెద్ద ఫిరంగి గుండులో ఎక్కి కూర్చుంటారు. ఫిరంగి పేలుతుంది. ముఖమున్న చంద్రుడి కంట్లో గుండు వెళ్లి గుచ్చుకుంటుంది. అక్కడి చంద్రవాసులు గొడుగుతో ఒక్కటి వేస్తే ఢామ్మని పేలి పొగైపోతారు. పండితులు పట్టుబడి, రాజుగారినే ఎత్తి కింద పడేసి, పరుగో పరుగు. కొండ అంచు నుంచి గుండు జారి సరాసరి భూమి మీది సముద్రంలో పడుతుంది. తిరిగొచ్చిన వారికి ఊరేగింపు, మెడలో పతకాలు, ఒక విగ్రహం.

దీన్ని తీసి, బార్బెన్‌ఫూయీ వేషం కూడా తానే కట్టినవారు జార్జ్ మెలియెస్. 1861లో పారిస్‌లో బూట్లు తయారుచేసే సంపన్నుడి ఇంట పుట్టారు. ఆయన మనసు బూట్ల మీద లేదు, ఇంద్రజాలం మీద ఉంది. 1888లో తన వాటా సొమ్ముతో పారిస్‌లో ఒక ఇంద్రజాల నాటకశాల కొన్నారు. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరుల తొలి సినిమా ప్రదర్శన చూసి, ఆ యంత్రానికి పదివేల ఫ్రాంకులు ఇస్తామన్నానని తర్వాత చెప్పుకున్నారు. వారు అమ్మలేదు. ఈయన లండన్ నుంచి మరో యంత్రం తెప్పించి, దాన్ని కెమెరాగా మార్చుకున్నారు. 1897లో పారిస్ పక్కన మోంత్రెయ్‌లో వెలుతురు కోసం గాజు కప్పుతో స్టూడియో కట్టారు.

చంద్రవాసి పొగైపోవడంలో మర్మం కెమెరాను ఆపడమే. నటుణ్ణి పక్కకు పంపి, అదే చోట పొగ పెట్టి, మళ్లీ కెమెరా తిప్పితే మనిషి మాయం. ప్రతుల మీద రంగులు కావాలంటే ఆడవాళ్లు సన్నని కుంచెలతో ఒక్కొక్క బొమ్మకూ అద్దేవారు.

సినిమా విపరీతంగా ఆడింది. కాని కష్టం ఒకరిది, ఫలం ఇంకొకరిది. అమెరికాలో ఎడిసన్ కంపెనీ మొదలుకొని పలువురు దొంగ ప్రతులు తీసి ఆడించుకున్నారు. అడ్డుకోవడానికి 1903లో అన్నగారు గాస్తోన్ న్యూయార్క్ వెళ్లి ఆఫీసు తెరవాల్సి వచ్చింది. పైగా మెలియెస్ గారు సినిమాలను గుడ్డ కొలిచినట్టు నిడివి లెక్కన అమ్మేవారు. లోకం అద్దె పద్ధతికి మారితే ఆయన వెనకబడ్డారు. అప్పులు పెరిగాయి. 1914లో యుద్ధం వచ్చింది. ఆయన ఫిల్ములను సైన్యం కరిగించి బూటు మడమలకు వాడుకుందని చెబుతారు. బూట్ల ఇంటి నుంచి పారిపోయిన మనిషి పని చివరికి బూట్లలోకే చేరింది! 1923లో స్టూడియో, నాటకశాల రెండూ చేజారాయి. దాచుకున్న నెగెటివులను ఆ దుఃఖంలో స్వయంగా తగలబెట్టారు.

1925లో తన పాత నటి జెహాన్ దాల్సీని పెళ్లాడారు. ఆమెతో కలిసి మోంపర్నాస్ రైల్వే స్టేషన్లో బొమ్మలు, మిఠాయిల దుకాణంలో కూర్చున్నారు. అప్పటికి అరవై నాలుగేళ్లు. పింఛను లేదు, సెలవు లేదు. బొమ్మ కొనుక్కునే పిల్లవాడికి ఆ ముసలాయన చంద్రలోకం చూపించిన మనిషని ఏం తెలుసు?

కొన్నేళ్లకు ఒక సినిమా పత్రిక సంపాదకుడు ఆయన్ను గుర్తుపట్టాడు. 1929 డిసెంబరులో పారిస్‌లో ఘనంగా సన్మాన సభ జరిగింది. 1931లో ప్రభుత్వం వారు ‘లీజియన్ ఆఫ్ ఆనర్’ పతకమిచ్చారు. దాన్ని తొడిగినవారు ఆ సోదరుల్లో ఒకరైన లూయీ లూమియేరే. సినిమాలో బార్బెన్‌ఫూయీకి చంద్రుడి నుంచి దిగిన వెంటనే పతకం దొరికింది. నిజం బార్బెన్‌ఫూయీకి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.

అయితే సోదరులారా, శాలువాతో పొయ్యి వెలగదు. పతకం వచ్చాక కూడా ఆయనకు దుకాణం తప్పలేదు. 1932లో సినిమా రంగంవారి పరస్పర సహాయ సంఘం ఓర్లీ అనే చోట తమ విశ్రాంతి గృహంలో ఆయనకూ, భార్యకూ, తల్లిని పోగొట్టుకున్న చిన్న మనవరాలికీ చోటిచ్చింది. దుకాణం మూసి, చివరి ఆరేళ్లు నిశ్చింతగా గడిపి 1938 జనవరి 21న కన్నుమూశారు. ఆ మనవరాలు మదలేన్ పెద్దయ్యాక తాతగారి సినిమాల కోసం దేశాలు గాలించింది. తీసిన ఐదువందల పైచిలుకులో సుమారు రెండు వందలు నేడు దక్కాయి. చంద్ర ప్రయాణం రంగుల ప్రతి ఒకటి 1993లో బార్సిలోనాలో, రాయిలా బిగుసుకుపోయి దొరికింది. దాన్ని ఏళ్ల తరబడి పొర పొరగా విడదీసి, బాగుచేసి 2011లో కాన్ చిత్రోత్సవంలో ఆడించారు.

నేను ఎన్నో ఏళ్లు రికార్డు గదిలో పనిచేసినవాణ్ణి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచే ఫైలు, ఎల్.డిస్. అంటే త్వరలో తీసెయ్యదగినది. మెలియెస్ గారు తన జీవితాన్నంతా తన చేత్తోనే ఎల్.డిస్. చేసుకున్నారు. దాన్ని ఆర్.డిస్.లోకి మార్చినవాళ్లు ఆయన మనవరాలూ, ఎవరో తెలియని భద్రపరచినవారూ. ఆయన్ను మాత్రం కాపాడింది చట్టం కాదు, పతకం కాదు. సాటి పనివాళ్ల పరస్పర సహాయం నిలబెట్టిన ఒక ఇల్లు.

అందుచేత మన కోశాధికారి రసీదు పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు, ఇదివరకటిలా నేను “వచ్చే నెల చూద్దాం లెండి” అనడం మానేశాను.