మింగుడుపడని మాట



మా పుట్టిల్లు మేళ్లచెరువు. శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరకని ఏటా వెళ్తుంటాను. అలా వెళ్ళిన ఒక యేడు మా పెద్దమ్మ అందరికీ వడ్డించి, తను మాత్రం మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుని, ముద్దకో గుక్కెడు నీళ్ళతో దించుకుంటోంది. "ఏంది పెద్దమ్మా అది?" అన్నాను. "ముద్ద అడ్డం పడుతోందే. పెద్దతనం గదా" అంది. అప్పటికి నాలుగు నెలలుగా అంతేనట! ఎవరికీ చెప్పలేదు. దగ్గరి టౌనులో నెత్తురు పరీక్ష చేయించాం. రిపోర్టు బాగానే వుందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. మరో రెండు నెలలు గడిచాక హైదరాబాదులో గొట్టం వేసి చూస్తే తెలిసింది, అది అన్నవాహిక కాన్సరని.

మరి నెత్తురు అబద్ధం చెప్పిందా? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వుంది.

అన్నవాహిక లోపల ఏముందో కంటితో చూడడమే ఒకప్పుడు అసాధ్యం. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే వైద్యుడు, గారడీలో కత్తి మింగే ఒక మనిషిని పిలిపించి, అతని గొంతులోకి లోహపు గొట్టం దించి చూశాడు. మనబోటివాళ్ళం కత్తులు మింగలేం కదా! ఆ కష్టం తీరడానికి 1957 దాకా పట్టింది. అమెరికాలో హిర్షోవిట్జ్ అనే డాక్టరు గాజు పోగులతో వంగే గొట్టం చేయించి, ముందు తానే మింగి చూసుకున్నాడు. నేటి ఎండోస్కోపీకి అదే మూలం.

ఆపరేషను సంగతీ అంతే. 1913లో న్యూయార్కులో టోరెక్ అనే సర్జను, అరవయ్యేడేళ్ళ ఒక స్త్రీకి కాన్సరు పట్టిన అన్నవాహిక భాగాన్ని తీసేశాడు. మెడ దగ్గరి రంధ్రం నుంచి పొట్టలోకి వెలుపలగా ఒక రబ్బరు గొట్టం అమర్చారు. ఆ గొట్టంతోనే భోజనం చేస్తూ ఆమె పన్నెండేళ్ళకు పైగా బతికింది. ఆ తల్లి ఓపికకు దణ్ణం పెట్టాలి.

మందుల దారి తెరిచినవారిలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు వున్నారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టనులో డాక్టరు ఫార్బర్ రక్తకాన్సరు పిల్లలకు కొంతకాలమైనా ఊరట కలిగించగలిగాడు. ఆ ఫలితాలు 1948లో ప్రకటించారు. అదే ఏడు సుబ్బారావుగారు కన్నుమూశారు. ఇక్కడ హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని కాన్సరు ఆసుపత్రి, మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో వెలిసింది.

ఇక నెత్తురు సంగతికి వద్దాం. కాన్సరు కణాలు కొన్ని పదార్థాలను ఒంట్లోకి వదులుతాయి. వాటినే ట్యూమర్ మార్కర్లంటారు. 1845లో లండనులో బెన్స్ జోన్స్ ఒక రోగి మూత్రంలో ఇలాంటిదొకటి గుర్తించాడు. 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్‌లు సీఈఏను, 1977లో జపానులో కాటో, టోరిగోయెలు పొలుసుకణాల కాన్సరుకు సంబంధించిన ఎస్.సీ.సీ. యాంటిజెన్‌ను కనుగొన్నారు. మనదేశంలో అన్నవాహిక కాన్సర్లలో ఎక్కువ భాగం ఈ పొలుసుకణాల రకమే.

అయితే ఒక చిక్కుంది. కణితి చిన్నగా వున్నప్పుడు అది వదిలేది కొంచెమే. కొన్ని కణితులు అసలు వదలవు. పొగతాగేవారిలో, కాలేయ జబ్బులవారిలో కాన్సరు లేకపోయినా సీఈఏ పెరగవచ్చు. అందుకే రోగం వుందా లేదా అని తేల్చడానికి ఈ పరీక్ష చాలదు. రోగం ఎటు పోతోందో చెప్పడానికి కొంత సాయపడుతుంది. వైద్యానికి ముందు బాగా ఎక్కువగా వుంటే రోగం ముదిరివుండవచ్చు. వైద్యం తర్వాత తగ్గి మళ్ళీ పెరిగితే హెచ్చరిక. అయినా పెద్ద సాక్ష్యాలు వేరే వున్నాయి. కణితి గోడలో ఎంత లోతుకు దిగింది, లింఫు గ్రంథులకు పాకిందా, దూరపు అవయవాలకు చేరిందా అన్నవే అవి. ఈనాడు కణితి నుంచి తీసిన చిన్న ముక్కలో హెర్-2, పీడీ-ఎల్1 వంటివి చూసి, ఏ మందు పనిచేయవచ్చో కూడా అంచనా వేస్తున్నారు.

కాబట్టి నెత్తురు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగకూడని ప్రశ్న మేం అడిగాం, అంతే.

పెద్దమ్మ వైద్యం చేయించుకుని ఏణ్ణర్థం మాతో వుంది. పోయిన ఆ ఆరు నెలలు చేతికొచ్చివుంటే ఇంకెంతకాలం వుండేదో ఎవరు చెప్పగలరు?

మన ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరికి ఏ కూర సయించలేదో మనకు తెలుసు. మన గొంతు దిగనిది మాత్రం ఎవరికీ చెప్పం. పొగాకు, చుట్ట, జర్దా, సారా ఈ రోగానికి పెద్ద చుట్టాలు. పొగలు కక్కే టీ, కాఫీలు ఊదుకోకుండా తాగడమూ మంచిది కాదు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు కాన్సరుకు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2016లో చెప్పింది.

ముద్ద అడ్డం పడటం రెండు మూడు వారాలు దాటితే, బరువు తగ్గుతుంటే, "పెద్దతనం" అనుకోకండి. ఎండోస్కోపీ చేయించమని డాక్టరుగారిని మీరే నోరు తెరిచి అడగండి. అత్తగారు మజ్జిగన్నంతోనే సరిపెట్టుకుంటుంటే, ఒక పూట ఆమె పక్కన కూర్చుని తినండి. చాలా సంగతులు అక్కడే తెలుస్తాయి.