పులిపిరి రూపంలో చర్మ క్షయ: గుర్తింపు, నిర్ధారణ

హైదరాబాద్: క్షయ అనగానే దగ్గు, కళ్లె, ఊపిరితిత్తులు గుర్తుకు రావడం సహజం. అయితే క్షయ సూక్ష్మజీవి చర్మానికి కూడా సోకుతుంది. ఊపిరితిత్తులకు వెలుపల వచ్చే క్షయలో చర్మ క్షయ వాటా సుమారు 1 నుంచి 2 శాతం మాత్రమే. అందులో పులిపిరిని పోలిన రకాన్ని వైద్యులు ట్యుబర్‌క్యులోసిస్ వెర్రుకోజా క్యూటిస్ అని పిలుస్తారు. దీనిని మామూలు పులిపిరిగా భావించి పైపూత మందులతో సరిపెట్టుకుంటే నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు వృథా అవుతాయి.

సోకే విధానం: అంతకుముందే క్షయ సూక్ష్మజీవి సోకి, కొంత నిరోధక శక్తి ఏర్పడిన వ్యక్తికి చిన్న గాయం ద్వారా ఆ జీవి మళ్లీ చర్మంలో ప్రవేశించినప్పుడు ఈ వ్యాధి వస్తుంది. స్టెతస్కోపును కనుగొన్న ఫ్రెంచి వైద్యుడు లేనెక్, శవపరీక్షలో తన వేలికి తగిలిన గాయం వద్ద ఏర్పడిన ఇటువంటి బుడిపెను 1826లో వర్ణించారు. మాంసం కోసేవారికి, ప్రయోగశాల సిబ్బందికి ఇది చేతులపై రావచ్చును. మన దేశంలో వట్టి కాళ్లతో తిరిగేవారికి పాదాలు, మోకాళ్లపై ఎక్కువగా కనిపిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ వంటి జనసమ్మర్దం గల ప్రాంతాలలోని వైద్యులు ఈ అవకాశాన్ని దృష్టిలో ఉంచుకొనవలసి ఉన్నది.

లక్షణాలు: నొప్పి లేని చిన్న గట్టి బుడిపెగా మొదలై, గరుకుగా మారి, అంచుల వైపు నెమ్మదిగా విస్తరిస్తుంది. మధ్య భాగం మాని మచ్చ మిగలవచ్చును. పగుళ్లను నొక్కితే చీము రావచ్చును. పులిపిరులు, కొన్ని శిలీంధ్ర వ్యాధులు కూడా ఇదే విధంగా కనిపించడం వల్ల కంటి చూపుతో మాత్రమే నిర్ధారణ చేయడం సరికాదు.

నిర్ధారణ: చర్మపు ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించడం (బయాప్సీ) ప్రధానం. మాంటూ పరీక్ష సాధారణంగా బలమైన ఫలితం ఇస్తుంది. శరీర నిరోధక శక్తి కారణంగా మచ్చలో సూక్ష్మజీవులు బహు స్వల్పంగా ఉంటాయి. అందువల్ల అవి కనిపించలేదన్న ఒక్క కారణంతో క్షయ లేదని తేల్చరాదు. కల్చర్, జన్యు ఆధారిత పరీక్షలు తోడ్పడతాయి. ఊపిరితిత్తులలో వ్యాధి ఉన్నదీ లేనిదీ ఎక్స్‌రేతో చూడవలెను.

చికిత్స: జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద మందులు ఉచితం. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తరువాత 4 నెలలు మూడు మందులు వాడవలసి ఉంటుంది. క్షయ రోగుల వివరాలను ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి ప్రైవేటు వైద్యులకు కూడా తప్పనిసరి. పోషకాహార నిమిత్తం నెలకు ఇచ్చే సహాయం 2024 నవంబరు నుంచి 500 రూపాయల స్థానంలో 1,000 రూపాయలైనది.

మానని పులిపిరి ఉన్న పాతబస్తీ వాసులు మూసీ ఆవలి ఉస్మానియా జనరల్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకొనవచ్చును. ఊపిరితిత్తులకు వ్యాధి లేనప్పుడు ఈ మచ్చ వల్ల ఇతరులకు సోకే అవకాశం చాలా తక్కువ. కావున రోగిని వెలివేయనవసరం లేదన్న విషయాన్ని కూడా వార్తలలో ప్రముఖంగా పేర్కొనడం అవసరం.