కోడ్ 72: ఉద్యోగం ఉంది, పని లేదు

కోవిడ్ ఏడాది గురించి ప్రభుత్వమే ఇచ్చిన రెండు అంకెలున్నాయి. 2020 ఏప్రిల్, జూన్ నెలల మధ్య పట్టణాల్లో నిరుద్యోగం 20.9 శాతం. 2019 జూలై నుంచి 2020 జూన్ దాకా, పల్లె పట్నం అన్నీ కలిపి, 4.8 శాతం. అంతకు ముందు ఏడాది ఇది 5.8. అంటే దేశానికి దేశమే తాళం వేసుకున్న ఏడాదిలో నిరుద్యోగం ఒక శాతం తగ్గిందన్నమాట. రెండూ ఒకే సర్వేలోంచి వచ్చాయి. రెండూ నిబంధనల ప్రకారం కట్టిన లెక్కలే. మొదటిదాన్ని పట్టుకుని కొందరు, రెండోదాన్ని పట్టుకుని కొందరు వాదించుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఇలాంటి సర్వేల ప్రశ్నపత్రాలు, మా భాషలో షెడ్యూళ్లు, చేత్తో నింపుతూ గుంటూరు జిల్లా ఊళ్లు తిరిగినవాణ్ణి. ఈ అంకెలు ఎక్కడ పుడతాయో చెప్పాల్సిన బాధ్యత నామీద ఉందనుకుంటున్నాను.

మన దేశంలో పని లెక్క జీతాల రిజిస్టర్లలో దొరకదు. ఇంటి గడపలో నిలబడి మనిషిని అడగాల్సిందే. గణాంకవేత్త మహలనోబిస్ చొరవతో 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. 1955లో తొమ్మిదో రౌండులో మొదటిసారి దేశమంతటా ఉపాధి గురించి అడిగారు. అడిగాక చిక్కు బయటపడింది. నాట్లప్పుడు పొలంలో, కోతలప్పుడు కళ్లంలో ఉండి, ఎండాకాలమంతా అరుగుమీద కూర్చునే మనిషిని ఏ గడిలో రాయాలి? గేదెల పని చూసుకుంటూ, ఎవరైనా పిలిస్తే కూలికి పోయే ఇల్లాలిని ఎక్కడ రాయాలి? ఫ్యాక్టరీ గేటు లోపల ఉంటే ఉద్యోగి, బయటుంటే నిరుద్యోగి అనే విభజన ఇక్కడ పనికి రాదు. దీన్ని తేల్చడానికి ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల కమిటీకి ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షుడు. 1970లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. ఇన్ని రకాల బతుకుల్ని ఒక్క అంకెలో కుదించడానికి వీల్లేదన్నది దాని సారాంశం. మన గణాంక చరిత్రలో ఇంత నిజాయితీగల మాట మరొకటి లేదని నా అభిప్రాయం.

ఆ మాటకు తగ్గట్టే 1972–73లో జరిగిన 27వ రౌండు నుంచి మూడు కొలతలు వచ్చాయి. మొదటిది ఏడాది స్థితి. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశావు, అది కాక కొన్నాళ్లపాటు ఇంకేమైనా పని చేశావా అని అడిగేది. రెండోది వారం స్థితి. గడిచిన ఏడు రోజుల్లో ఏ రోజైనా ఒక్క గంట పని చేసి ఉంటే చాలు, పనిలో ఉన్నట్టే. మూడోది రోజువారీ స్థితి. ఒక్కో రోజును రెండు పూటలుగా విడగొట్టి, ఏ పూట పని, ఏ పూట ఖాళీ అని విడివిడిగా రాసేది. మామూలుగా మూడింటిలో పెద్ద అంకె చూపేది ఈ చివరిదే. 2011–12 సర్వేలో ఏడాది స్థితి ప్రకారం నిరుద్యోగం 2.2 శాతమైతే, రోజువారీ స్థితి ప్రకారం 5.6.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే ఆడవాళ్లను అడిగినప్పుడు ఈ తేడా కళ్లకు కట్టేది. ఒకామె గుమ్మంలో కూర్చుని, ఘాటుకు మండుతున్న వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటోంది. పోయిన వారం పనికెళ్లావా అమ్మా అంటే, "సోమవారం ఒక పూట పోయొచ్చా బాబూ. సరుకు లేదని మజ్జానానికే పంపేశారు. మళ్లీ శనివారం ఒక పూట" అంది. మిగతా రోజులు పిలిస్తే వెళ్లేదానివా అంటే, పిలవక చంపుతున్నారు గాని ఎందుకు పోను అన్నట్టు చూసింది. వారం స్థితిలో ఆమె ఉద్యోగి. అక్కడ అనుమానమే లేదు, నిబంధన అంతే. రోజువారీ స్థితిలో ఆమెకు ఒక రోజు పని, ఆరు రోజుల నిరుద్యోగం. ఆమె బతుకు ఈ రెండో లెక్కలోనే కనిపిస్తుంది.

2017లో ఐదేళ్లకోసారి జరిగే ఉపాధి సర్వేల స్థానంలో పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే వచ్చింది. ఏటా ఫలితాలు, పట్టణాలకైతే మూడు నెలలకోసారి. కాగితం షెడ్యూళ్లు పోయి ట్యాబ్‌లు వచ్చాయి. ఇదంతా మంచిదే. కాని ప్రచురించే ఫలితాల్లో ఏడాది స్థితి, వారం స్థితి మాత్రమే మిగిలాయి. రోజువారీ స్థితి పక్కకు జరిగింది. పూటల లెక్క ఎప్పుడూ లేనంత అవసరమైన రోజులు అటుపై మూడేళ్లలోనే వచ్చాయి.

2020 మార్చి 18న క్షేత్రసర్వే ఆగింది. 25న లాక్‌డౌన్. జూన్‌లో మళ్లీ సర్వే మొదలైనప్పుడు, అంతకు ముందు ఒకసారి చూసి వచ్చిన ఇళ్లకు ఫోన్లు చేశారు. అప్పటికి నేను రిటైరయ్యాను. నాతో పనిచేసిన కుర్రాళ్లు ఆ ఫోన్ల కష్టం చెప్పేవాళ్లు. గడపలో నిలబడితే మగ్గం ఆడుతోందా లేదా చూపుకే తెలుస్తుంది. బండి మీద టార్పాలిన్ కప్పి ఉందంటే అడగక్కర్లేదు. ఫోన్లో "చేస్తున్నాం సార్" అంటే చేస్తున్నట్టే రాసుకోవాలి.

ఇక మా షెడ్యూల్లో ఒక గడి గురించి చెప్పాలి. 72వ కోడ్. జీతానికి పనిచేసే ఉద్యోగం ఉంది, ఈ వారం మాత్రం పని చేయలేదు, కారణం జబ్బు కాదు, వేరే. జబ్బయితే 71. పెళ్లికో తిరుపతికో సెలవు పెట్టినవాళ్ల కోసం ఉన్న గడి అది. ఈ కోడ్ పడినవాళ్లు ఉద్యోగుల లెక్కలోకే వస్తారు. మామూలు రోజుల్లో అది న్యాయమే. సెలవు మీద ఉన్నవాణ్ణి నిరుద్యోగి అనలేం కదా. లాక్‌డౌన్‌లో మాత్రం హోటల్ మూసి ఇంట్లో కూర్చున్న సర్వర్, బడి మూసేసి మళ్లీ పిలుస్తామన్న టీచరమ్మ, షోరూమ్ సేల్స్‌మన్, అందరికీ ఇదే గడి దొరికింది. ఉద్యోగం ఉందా అంటే ఉంది. జీతం వచ్చిందా అన్నది నిరుద్యోగ శాతంలోకి ఎక్కని ప్రశ్న.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. అమెరికా కార్మిక గణాంక సంస్థ 2020 జూన్ 5న మే నెల లెక్క విడుదల చేసింది. ఏప్రిల్‌లో రెండు కోట్లకు పైగా ఉద్యోగాలు ఊడిపోయి నిరుద్యోగం 14.7 శాతానికి చేరిన దేశం అది. మే నెలలో ఇంకా లక్షలకు లక్షలు పోతాయని ఆర్థికవేత్తలు ఎదురుచూస్తుంటే, 25 లక్షల ఉద్యోగాలు పెరిగాయనీ, నిరుద్యోగం 13.3కి తగ్గిందనీ వచ్చింది. పెరిగినవాటిలో సగానికి పైగా హోటళ్లు, బార్లలోనివే. ఆ నివేదిక చివర్లో సంస్థే ఒక వివరణ రాసింది. వ్యాపారం మూతపడి ఇంట్లో ఉన్నవాళ్లను తాత్కాలికంగా పని పోయినవాళ్లుగా రాయాలని చెప్పినా, చాలామందిని వేరే కారణంతో పనికి రాని ఉద్యోగులుగా రాశారనీ, అది సరిగ్గా పడి ఉంటే నిరుద్యోగం సుమారు 3 శాతం ఎక్కువ ఉండేదనీ ఒప్పుకుంది. ఏప్రిల్‌కైతే ఆ తేడా 5 శాతం దాకా ఉంది. అయినా అంకె దిద్దలేదు. ఇంటి మనిషి చెప్పిన జవాబును ఆఫీసులో కూర్చుని మార్చకూడదన్నది వాళ్ల నియమం. ఆ నియమం పట్ల నాకు గౌరవముంది. ఆ వేరే కారణం గడిని మాత్రం అమెరికా వాళ్ల 72వ కోడ్ అని నేను గుర్తుపెట్టుకున్నాను. అదే నివేదికలో మరో అంకె ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తాత్కాలికంగా పని పోయినవాళ్లు తగ్గారు, శాశ్వతంగా పోయినవాళ్లు మాత్రం దాదాపు 3 లక్షలు పెరిగి 23 లక్షలయ్యారు.

షట్టర్లు తెరిచాక ఎవరు ముందు పనిలోకి వస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. మన దేశంలో దాన్ని వెంటవెంటనే పట్టుకున్నది ముంబైలోని సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ. వాళ్లు అడిగేది ఏడాది సంగతి కాదు, దాదాపు ఆ రోజు సంగతి. అందుకే ఏప్రిల్‌లో వాళ్ల అంకె 23.5 శాతానికి ఎగిసింది. ఆ ఒక్క నెలలో 12 కోట్ల మందికి పైగా పని కోల్పోయారని లెక్కగట్టారు. అందులో 9 కోట్ల మంది రోజుకూలీలు, చిన్న వ్యాపారులు. తోపుడుబండి తోసుకునే మనిషి రోడ్డు తెరిచిన రోజే బండి తీస్తాడు. తీయకపోతే ఆ రాత్రి పొయ్యి వెలగదు. కాబట్టి జూన్, జూలైలకు శాతం చకచకా దిగింది. జూలైలో 7.4కు వచ్చింది, దాదాపు లాక్‌డౌన్‌కు ముందున్న స్థాయి. అదే జూలైలో, పోయిన జీతం ఉద్యోగాలు ఏప్రిల్‌లో 1.77 కోట్లుంటే 1.89 కోట్లకు పెరిగాయి. పైన శాతం దిగుతుంటే అడుగున నెలజీతం కరిగిపోయింది. బండి తిరిగి వీధిలోకి రావడానికి పట్టేది ఒక రోజు, మూసిన సంస్థ తిరిగి జీతం మీద మనిషిని పెట్టుకోవడానికి పట్టేది ఏళ్లు.

పట్నాలు విడిచి సొంతూళ్లకు వెళ్లిపోయిన వలస కూలీల సంగతి ఇంకోటి. దేశంలో మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచే కదిలింది. కట్టడం పనులకు వచ్చిన దాదాపు 1200 మంది జార్ఖండ్ కూలీలు అందులో హటియాకు వెళ్లారు. మూడు నెలలకోసారి వచ్చే లెక్క అప్పట్లో పట్టణాలకే. పట్నం విడిచిన కూలీ పట్నం నిరుద్యోగంలో ఉండడు. ఊళ్లో అన్న పొలంలో కలుపు తీస్తే ఏడాది లెక్కలో ఉద్యోగిగా తేలతాడు. కూలి ఇచ్చారా అని అడిగితే, సొంత ఇంట్లో కూలేమిటండీ అంటాడు.

మొదట చెప్పిన 4.8 శాతం గుట్టు చాలావరకు ఇక్కడే ఉంది. జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలు పనిచేసినవాడు, తర్వాత మూడు నెలలు ఇంట్లో ఉన్నా ఏడాది స్థితిలో ఉద్యోగే. దానికి తోడు, అదే ఏడాది పనిలో ఉన్నవాళ్లలో వ్యవసాయం వాటా 42.5 నుంచి 45.6 శాతానికి పెరిగింది. 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతికేవాళ్లు కలిపి 24.5 శాతం ఉంటే, 30 శాతమయ్యారు. ఆడవాళ్లు పనిలోకి రావడం శుభవార్తే కావచ్చు. అయితే ఇంటి కమతంలో, ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేసేవాళ్ల వాటా కూడా అదే ఏడాది 13.3 నుంచి 15.9కి పెరిగింది. మగాడి సంపాదన ఆగిపోయిన ఇంట్లో ఆడమనిషి గేదె కొనుక్కుని పాలు పోస్తే, దాన్ని ఉపాధి పెరుగుదల అని సంబరపడటానికి నాకు మనసు రాదు.

తెలంగాణలో ప్రైవేటు బడుల టీచర్లను చూడండి. బళ్లు మూతపడ్డాయి, చాలాచోట్ల జీతాలు ఆగాయి. పీజీలు, బీఎడ్‌లు చేసినవాళ్లు ఉపాధి హామీ పనులకు వెళ్లి పార పట్టారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. బడి రోలులో పేరుండి ఇంట్లో కూర్చుంటే ఆ టీచరుకు 72వ కోడ్, ఉద్యోగి. చెరువు మట్టి తవ్వితే ప్రభుత్వ పనుల్లో కూలి, అప్పుడూ ఉద్యోగే. ఏ వారం అడిగినా నిరుద్యోగి కాడు. 2019–20లో 265 కోట్లున్న ఉపాధి హామీ పనిదినాలు మరుసటి ఏడాది 389 కోట్లకు చేరాయి. ఆ పథకం మొదలైనప్పటి నుంచి అంతకు మించిన ఏడాది లేదు. దిక్కులేనప్పుడు జనం ఎక్కడికి వెళ్లారో చెప్పే ఈ అంకె నిరుద్యోగ శాతంకన్నా నాకు ఎక్కువ మాట్లాడుతుంది.

2025 నుంచి పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే నెలనెలా ఫలితాలిస్తోంది, పల్లెలతో సహా. ఇది పెద్ద అడుగు. ఇంకొక్క అడుగు వేసి, రోజువారీ స్థితిని కూడా శాతంతోపాటు అదే పేజీలో అచ్చు వేయాలని గణాంక శాఖను కోరుతున్నాను. గంటల వివరాలు ఇళ్ల నుంచి ఎలాగూ సేకరిస్తూనే ఉన్నారు. పాఠకులకు కూడా ఒక మనవి. నిరుద్యోగం తగ్గిందన్న వార్త చదివినప్పుడు, నెలజీతం మీద ఉన్నవాళ్లు ఎంతమంది, పొలంలో ఉన్నవాళ్లు ఎంతమంది అన్న వరుసలు కూడా వెతకండి. 2023–24లో నిరుద్యోగం 3.2 శాతానికి దిగింది. ఆ ఏడాది వ్యవసాయం వాటా 46.1 శాతం, కోవిడ్‌కు ముందున్న 42.5కన్నా ఎక్కువ. నెలజీతం వాటా 21.7 శాతం, 2018–19లో ఉన్న 23.8కన్నా తక్కువ.